పాత బొగ్గుబాయి చూడటానికి వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక బహిరంగ లేఖ

పాడుబడ్డ బొగ్గుగనుల దగ్గరికి వెళ్లి వీడియోలు తీసి పెడుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నేను బొగ్గుబాయిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ని. ఓవర్‌మన్ పని ఏమిటంటే, షిఫ్టులో తన కింద దిగినవాళ్లంతా మళ్లీ పైకి వచ్చేలా చూసుకోవడం. బొగ్గు ఎంత వచ్చిందన్నది ఆ తర్వాతి లెక్క. మా మనవడు అప్పుడప్పుడూ ఫోన్‌లో మీ వీడియోలు చూపిస్తుంటాడు. చెట్లు అల్లుకుపోయిన ఇటుక కమాను, దాని వెనుక చీకటి. ఒక కుర్రాడు చేతిలో ఫోన్ లైటు వేసుకుని, నవ్వుతూ, వెనక్కి తిరిగి కెమెరాతో మాట్లాడుతూ లోపలికి నడుస్తాడు. మా మనవడికి అది సరదా. నాకు మాత్రం ఆ వీడియో అయిపోయేదాకా టెన్షనే.

వెళ్లొద్దని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. వెళ్లండి. మా తాతల కాలపు పనిచోటును చూడాలని ఇరవై ఏళ్ల పిల్లలకు అనిపించడం నాకు సంతోషమే. మేం బతికి ఉండగానే మా పనిని అందరూ మరచిపోతున్నారన్న దిగులు మా వాళ్లలో చాలామందికి ఉంది. నేను అడిగేది ఒక్కటే. బాయి నోటి దగ్గర ఆగిపోండి. ఏటవాలుగా దిగే ఇంక్లైన్ అయినా, నిలువు పిట్ అయినా, ఆ కమాను దాటి ఒక్క అడుగు కూడా లోపలికి వేయొద్దు. చూడాల్సింది చాలావరకు బయటే ఉంది. దాన్ని ఎలా చూడాలో కూడా చెబుతాను. ముందు లోపలికి ఎందుకు వెళ్లకూడదో విడమరిచి చెప్పనివ్వండి, ఎందుకంటే ‘డేంజర్’ అని బోర్డు పెడితే ఎవరూ ఆగరని నాకు తెలుసు.

లోపలికి వెళితే పైకప్పు మీద పడుతుందేమోనని అందరూ భయపడతారు. పడుతుంది, అది నిజమే. కానీ చాలాచోట్ల అంతకంటే ముందు చంపేది గాలి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. పని నడిచే బాయిలో అది 19 శాతం కంటే తగ్గకూడదని రూలు. అందుకే రాత్రింబవళ్లు పెద్ద ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. బాయి మూసేసిన రోజున ఆ ఫ్యాను ఆగుతుంది. ఆ తర్వాత లోపల మిగిలిన గాలిని బొగ్గే తినేస్తుంది. బొగ్గుకు ఆక్సిజన్‌ను పట్టుకునే గుణం ఉంది. పైకప్పుకు ఆసరాగా నిలిపిన చెక్క ప్రాపులు కుళ్లుతూ అదే పని చేస్తాయి. చివరికి మిగిలేది నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్. ఈ మిశ్రమాన్ని మేం బ్లాక్‌డ్యాంప్ అంటాం. దీనికి రంగు లేదు, వాసన లేదు.

ఊపిరాడకపోతే మనకే తెలుస్తుంది కదా, వెంటనే వెనక్కి వచ్చేస్తాం అని మీరు అనుకోవచ్చు. ఇక్కడే చాలామంది మోసపోతారు. మనిషికి ఆయాసం తెప్పించేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్. అది ఎక్కువగా ఉన్నచోట గుండె దడదడలాడుతుంది, రొప్పు వస్తుంది. అది తక్కువై, ఆక్సిజన్ స్థానంలో నైట్రోజన్ మాత్రమే నిండిన చోట ఆ హెచ్చరిక కూడా ఉండదు. తల కొంచెం తేలిగ్గా అనిపిస్తుంది, కాళ్లలో బలం పోతుంది, కూర్చుందామనిపిస్తుంది. కూర్చున్నవాడు లేవడు.

పాతకాలంలో మా చేతుల్లో సేఫ్టీ ల్యాంప్ ఉండేది. 1815లో హంఫ్రీ డేవీ తయారుచేసిన దీపానికి వారసురాలు అది. ఆక్సిజన్ 16, 17 శాతానికి పడిపోయేసరికి ఆ దీపం ఆరిపోతుంది. దీపం ఆరితే వెనక్కి తిరగాలి, అంతే, ఆలోచన లేదు. మీ చేతిలోని ఫోన్ లైటుకు గాలితో పనిలేదు. మీరు పడిపోయిన తర్వాత కూడా అది వెలుగుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి. మన సింగరేణి పక్క పాత బాయిలు చాలావరకు ఇంక్లైన్లు, అంటే ఏటవాలుగా కిందికి దిగే దారులు. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, కాబట్టి పల్లంలోకి చేరి నిలుస్తుంది. దిగేటప్పుడు ఒళ్లు అలవదు, హాయిగా నడుచుకుంటూ ఆ మడుగులోకి వెళ్లిపోతారు. వెనక్కి ఎక్కాలంటేనే ఎక్కువ ఊపిరి కావాలి. సరిగ్గా అప్పుడే అది దొరకదు.

"పోయిన వారం మా ఫ్రెండ్ లోపలి దాకా వెళ్లొచ్చాడు, ఏమీ కాలేదు" అంటారు. మంచిది, కానీ ఆ మాటతో ఈ వారానికి ఏ భరోసా లేదు. మూసేసిన బాయి వాతావరణాన్ని బట్టి గాలి పీలుస్తూ వదులుతూ ఉంటుంది. బయట గాలి ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజు మంచిగాలి లోపలికి పోతుంది. ముసురు పట్టి, అల్పపీడనం వచ్చిన రోజు లోపలి చెడ్డగాలి నోటిదాకా తన్నుకొస్తుంది. నిన్న వంద గజాల లోపల ఉన్న గాలి ఇవాళ కమాను కింద ఉండొచ్చు. వానాకాలంలో పచ్చదనం బాగుంటుందని ఆ రోజుల్లోనే మీరు ఎక్కువగా వెళ్తారు.

మీథేన్ సంగతి వేరు. అది గాలికంటే తేలిక, పైకప్పు పగుళ్లలో చేరుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. మేం దిగేముందు గేటు దగ్గర జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టెలు తీసేయించేవారు. లోపల వాడే ప్రతి మోటారూ, ప్రతి స్విచ్చూ నిప్పురవ్వ బయటికి రాకుండా ప్రత్యేకంగా చేసినవే. మీ ఫోను, డ్రోను, కెమెరా ఫ్లాష్ అలా చేసినవి కావు.

ఇక కార్బన్ మోనాక్సైడ్, గాలి చాలక బొగ్గు మెల్లగా కాలితే పుట్టే విషవాయువు. పాత బాయిల్లో బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. జార్ఖండ్‌లోని ఝరియాలో భూమి కింద 1916 నుంచి మంటలు మండుతున్నాయంటే ఎవరో అంటించి కాదు. బాయి నోటి దగ్గర కిరసనాయిలు లాంటి వాసన వచ్చినా, గోడలకు చెమట పట్టినట్టు తడి కనిపించినా, చలికాలం పొద్దున నేలలోంచి ఆవిరి లేచినా, లోపల ఎక్కడో బొగ్గు వేడెక్కుతోందని అనుమానించాలి. అక్కడ ఫోటో కోసం కూడా నిలబడొద్దు.

ఎవరైనా లోపల పడిపోతే ఏం చేయాలో కూడా ఇక్కడే చెప్పేస్తాను. వెనక వెళ్లొద్దు. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. పూడిక తీయడానికి పాత బావిలో దిగినవాడు కూలిపోతే, వాణ్ని తీయడానికి తమ్ముడు, తమ్ముణ్ని తీయడానికి బావమరిది దిగి ముగ్గురూ పోయిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. బాయిలో కూడా అదే జరుగుతుంది. 112కు ఫోన్ చేయండి, బొగ్గుబాయిలో చిక్కుకున్నారని స్పష్టంగా చెప్పండి, దగ్గర్లోని కంపెనీ ఆఫీసుకు కబురు పంపండి. ఊపిరి పరికరాలు వీపున కట్టుకుని దిగే మైన్ రెస్క్యూ టీములు ఉన్నాయి. ఆ పని వాళ్లు మాత్రమే చేయగలరు.

సీలు గోడల గురించి ఒక మాట. మూసిన దారికి అడ్డంగా ఇటుకతోనో కాంక్రీటుతోనో గోడ కడతారు. కొన్ని వీడియోల్లో ఆ గోడలో ఇటుకలు ఊడదీసి, సందులోంచి లైటు వేసి చూపిస్తున్నారు. ఆ గోడ ఊరికే కట్టింది కాదు. అటువైపు వేడెక్కిన బొగ్గుకు గాలి అందకుండా ఆపుతున్నది అదే. మీరు చేసిన బెత్తెడు కంత చాలు, ఏళ్ల తరబడి ఆరివున్నది మళ్లీ రాజుకోవడానికి. కొన్నిచోట్ల గోడ వెనక నీళ్లుంటాయి. పాత బాయిల్లో నిలిచిన నీటికి ఎంత బలం ఉంటుందో తెలుసుకోవాలంటే చాస్‌నాలా పేరు గుర్తుపెట్టుకోండి. ధన్‌బాద్ దగ్గరున్న ఆ గనిలోకి 1975 డిసెంబర్ 27న పాత పనుల్లో చేరిన నీళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. 375 మంది చనిపోయారు. వాళ్లు పని నడుస్తున్న గనిలో, డ్యూటీలో ఉన్నవాళ్లు.

పైకప్పు గురించి ఎక్కువ చెప్పను. మేం పొడుగాటి కర్రతో రూఫ్‌ను తట్టి శబ్దం వినేవాళ్లం. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, లోపల వదులైతే డొల్ల శబ్దం వస్తుంది. చెక్క ప్రాపులు బరువు పడితే కిర్రుమని ముందే చెప్పేవి, అందుకే పాతవాళ్లకు ఇనుప ప్రాపుల కంటే చెక్క మీదే నమ్మకం. పాడుబడిన బాయిలో ఆ చెక్క పుచ్చి పిండైపోయింది. అది ఇక ఏమీ చెప్పదు.

పైన నడిచేటప్పుడు కూడా చూసి నడవండి. ఆనాటి పని చాలావరకు బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో సాగింది. బొగ్గులో గదులు గదులుగా తవ్వుకుంటూ పోయి, మధ్యలో స్తంభాల్లాగా బొగ్గునే వదిలేస్తారు. తర్వాత వెనక్కి వస్తూ ఆ స్తంభాలను కూడా తీసేస్తారు, పైకప్పు కూలి నిండుతుంది. ఇలా కూలిన చోటును గోఫ్ అంటాం. తక్కువ లోతులో పని జరిగి, స్తంభాలను అలాగే వదిలేసినచోట అవి కాలక్రమంలో అరిగి, పైనున్న నేల ఉన్నట్టుండి గుండ్రంగా దిగబడుతుంది. చదునైన నేలలో పొదలతో నిండిన గుంట కనిపిస్తే దాని అంచుకు పోవద్దు. నిలువు పిట్‌లను కొన్నిచోట్ల చెక్కలు వేసి మీద మట్టి పోసి వదిలేశారు, ఆ చెక్కలు ఇప్పుడు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

భయపెట్టడం అయిపోయింది. ఇప్పుడు చూసే సంగతికి వద్దాం.

మనకు దగ్గర్లోని ఇల్లందునే తీసుకుందాం. మా వాళ్లలో పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. భద్రాచలం రాములవారి దర్శనానికి పోయే యాత్రికులు నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుని వంట చేస్తుంటే రాళ్లే అంటుకున్నాయని ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, కాగితం మీద ఉన్న చరిత్ర 1871తో మొదలవుతుంది. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన విలియం కింగ్ ఆ ఏడాది ఇక్కడ బొగ్గును గుర్తించాడు. ఇక్కడి ఒక పొరకు ఇప్పటికీ ‘కింగ్ సీమ్’ అనే పేరు. రాజుగారి పేరు అనుకునేవాళ్లు ఉన్నారు, కాదు, ఆయన పేరే.

1886లో ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇక్కడ తవ్వుకునే హక్కులు సంపాదించింది. ఆ సంపాదించిన తీరు అప్పట్లో పెద్ద గొడవ. షేర్ల వ్యవహారంలో మోసం జరిగిందని అల్లరి లేచి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక కమిటీ వేసి విచారించింది. బాయి తవ్వకం ఇంకా సరిగ్గా మొదలు కాకముందే దాని మీద లండన్‌లో పంచాయితీ నడిచిందన్నమాట. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. నిజాం రైల్వే డోర్నకల్ మీదుగా ఇక్కడికి లైను వేసింది, రైలు లేకపోతే ఈ బొగ్గు అడవిలోనే ఉండిపోయేది. పక్కనున్న సింగరేణి ఊరి పేరే గనులకు, ఆ తర్వాత కంపెనీకి వచ్చింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఏటా ఆ రోజున సింగరేణి దినోత్సవం జరుపుకునేది అందుకే. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటా కొనడంతో అది లండన్ వాళ్ల చేతిలోంచి బయటికొచ్చింది.

ఈ తేదీల్లో మీరు గమనించాల్సింది ఒకటుంది. బ్రిటిష్ ఇండియాలో గనులకు మొట్టమొదటి చట్టం వచ్చింది 1901లో. ఇల్లందులో తవ్వకం దానికి పన్నెండేళ్లు ముందు మొదలైంది, అదీ ఆ చట్టం వర్తించని నిజాం సంస్థానంలో. ఇప్పుడు మనం రూలు రూలు అంటున్నవేవీ ఆ మొదటి కార్మికులకు లేవు. మీరు ఫోటో తీసే ఆ కమాను కిందనుంచి వాళ్లు దిగింది అలాగే.

అందుకే "బ్రిటిష్ వాళ్ల అద్భుత నిర్మాణం" అని మీరు పెట్టే క్యాప్షన్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డబ్బు లండన్‌ది, ప్లాను ఇంజనీరుది, ఒప్పుకుంటాను. ఆ బొగ్గును పికాసుతో కొట్టింది, చెమ్మస్ అనే పారతో ఎత్తి తట్టలో నింపింది, పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు నెట్టింది ఎవరు? మిగతా బొగ్గు ప్రాంతాల్లోనూ ఇంతే. బెంగాల్లో రాణీగంజ్ దగ్గర 1774లోనే తవ్వకం మొదలైంది. 1836లో అక్కడి గనిని కొన్నది రవీంద్రనాథ్ ఠాగూర్ తాతగారు ద్వారకానాథ్ ఠాగూర్ భాగస్వామిగా ఉన్న కార్, ఠాగూర్ కంపెనీ. దామోదర్ నది ఒడ్డున నారాయణ్‌కుడిలో ఆనాటి శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి గనుల్లో మొగుడు బొగ్గు కొడితే పెళ్లాం తట్ట మోసేది, కుటుంబాలకు కుటుంబాలే దిగేవి. ఆడవాళ్లను భూగర్భంలోకి పంపడం 1929 నిబంధనలతో మెల్లగా తగ్గించారు. యుద్ధం వచ్చి బొగ్గు కావాల్సి రాగానే 1943లో మళ్లీ దింపారు, 1946లో మళ్లీ ఆపారు. ఆపినప్పుడు వాళ్ల కూలీ కూడా ఆగిపోయింది. ఈ సంగతులు ఏ కమాను మీదా రాసి ఉండవు.

ఇప్పుడు శిథిలం ముందు నిలబడ్డారనుకోండి. మొదట కమాను వెడల్పు చూడండి. రెండు జతల పట్టాలు పట్టేంత ఉంటే ఖాళీ టబ్బులు దిగుతూ, నిండినవి ఎక్కుతూ ఉండేవని అనుకోవచ్చు. కమాను అంచు ఇటుకల మీద, రాళ్ల మీద నున్నగా అరిగిన గాడులు కనిపిస్తాయేమో వెతకండి. అవి ఎవరూ చెక్కినవి కావు, టబ్బులను లాగే హాలేజీ తాడు ఏళ్లకేళ్లు ఒరుసుకుని కోసిన గుర్తులు. ఆ తాడు ఎటు పోతుందో ఆ దిక్కుకు తిరిగితే, ఎదురుగా ఎక్కడో ఒక బరువైన రాతి దిమ్మె, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన లావాటి బోల్టులు ఉంటాయి. హాలర్ ఇంజను కూర్చున్న చోటు అది. దాని పక్కన పొగగొట్టం మొదలు మిగిలి ఉంటే అది ఆవిరి ఇంజను కాలం నాటిది.

తర్వాత రెండో నోరు ఎక్కడుందో వెతకండి. బాయికి కనీసం రెండు దారులుండాలి, ఒకటి మూసుకుపోతే రెండోదాన్నుంచి బయటపడటానికి, గాలి ఒకదాన్నుంచి పోయి రెండోదాన్నుంచి రావడానికి. రెండోదాని పక్కన ఫ్యాను ఇంటి గోడలు ఉండొచ్చు. ఫ్యాన్లు రాకముందు చాలా దేశాల్లో నిలువు పిట్ అడుగున పెద్ద పొయ్యి రాజేసి, వేడిగాలి పైకి లేస్తుంటే దానితోపాటు చెడ్డగాలిని లాగేవారు. మీథేన్ ఉండే బాయిలో నిప్పు రాజేసి గాలి ఆడించడం! ఇవాళ చెబితే మా కుర్ర ఇంజనీర్లు కూడా నమ్మరు.

అన్నిటికీ దూరంగా, ఒంటరిగా, మందపాటి గోడలతో కిటికీలు లేని చిన్న గది కనిపిస్తే అది మ్యాగజైన్, మందుగుండు దాచిన చోటు. అందులో ఏదైనా మిగిలి ఉందని అనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. వరసగా పునాదులు కనిపిస్తే కూలీ లైన్లు. ఒక్కో గది కొలత మీ అడుగులతో కొలిచి చూడండి. తర్వాత ఎత్తు మీద, చెట్ల నీడలో ఉన్న బంగ్లా పునాదిని కూడా అలాగే కొలవండి. ఆ రెండు కొలతలు పక్కపక్కన పెట్టి వీడియో చేయండి, నేను ముందు షేర్ చేస్తాను.

రాళ్ల కుప్పలను వదిలిపెట్టొద్దు. బొగ్గుతోపాటు పైకొచ్చిన పనికిరాని షేల్ అనే పలకరాయిని అక్కడ పోసేవారు. కుప్ప కొన్నిచోట్ల ఇటుకలాగా ఎర్రగా ఉంటే, దానిలో మిగిలిన బొగ్గు తనంతట తాను కాలి రాయిని కూడా కాల్చిందని అర్థం. షేల్ ముక్కలను జాగ్రత్తగా చూస్తే నాలుకలాగా సాగిన ఆకుల ముద్రలు దొరుకుతాయి. గ్లాసాప్టెరిస్ అంటారు, గోండ్వానా అనే పురాతన భూఖండం నాటి మన బొగ్గుకు కారణమైన చెట్లలో ఒకటి, పాతిక, ముప్పై కోట్ల ఏళ్లనాటిది. డైనోసార్లు ఇంకా పుట్టని కాలం. ఫోటో తీసుకుని అక్కడే పెట్టేయండి. ఇంటికి తెస్తే టీవీ పక్కన దుమ్ము కొట్టుకుపోవడం తప్ప దానికి ఏ విలువా ఉండదు.

మన సింగరేణి బాయిల దగ్గరైతే మైసమ్మ గుడి ఉందేమో చూడండి. బాయిలోకి దిగేముందు అందరూ దండం పెట్టుకునేది ఆ తల్లికే. బాయి మూసేసినా కొన్నిచోట్ల పూజ ఆగలేదు. అక్కడ పసుపు, కుంకుమ తాజాగా ఉంటే, ఆ పెట్టినవాళ్లు దగ్గర్లోనే ఉంటారు. చరిత్ర తెలిసినవాళ్లు వాళ్లే. చెప్పులు విడిచి, నమస్తే పెట్టి, "పెద్దయ్యా, ఇక్కడ మీరు పనిచేశారా?" అని అడగండి. ఒక గంట మాట్లాడనివ్వండి. మలకట్ట అంటే ఎవరో, ట్రామర్ ఏం చేసేవాడో, మస్టర్ ఎలా పడేదో, బాయి దొర అంటే ఎంత భయమో, ఇవన్నీ చెప్పగలిగినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. వాళ్ల మాటలు రికార్డ్ చేయండి. ముందు అడిగి, వాళ్లు సరేనంటేనే పెట్టండి.

ఒక విషయంలో మాత్రం నా మాట కటువుగా ఉంటుంది. ‘దెయ్యాల బాయి’, ‘అర్ధరాత్రి ఏడుపులు’ అని పేర్లు పెట్టి, గజ్జెల చప్పుడు కలిపి వీడియోలు చేయకండి. పాత బాయిల్లో చనిపోయినవాళ్లు నిజం మనుషులు. కొందరి శవాలు కూడా ఇంటికి రాలేదు. వాళ్ల మనవలు, మునిమనవలు ఆ పక్క బస్తీలోనే ఉన్నారు. వాళ్ల ఫోన్లలో కూడా మీ వీడియో వస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మూసేసిన బాయి ఊరికే పడి ఉన్నట్టు కనిపించినా దానికి యజమాని ఉంటారు, అనుమతి లేకుండా లోపలికి పోవడం కుదరదు. పట్టాల ముక్కలు, పాత ఇటుకలు, బోల్టులు తెచ్చుకుంటే అది దొంగతనమే. వారసత్వంలాగా కాపాడాలంటే మన తెలంగాణ రాష్ట్రానికి 2017లో చేసిన వారసత్వ చట్టం ఉంది. కానీ జాబితాలోకి ఎక్కాలంటే ముందు అక్కడ ఏముందో ఎవరో ఒకరు పద్ధతిగా రాసిపెట్టాలి. ఆ పని మీరు చేయగలరు. 2009కి ముందు మూతపడిన గనులను ఏం చేయాలో చెబుతూ కేంద్ర బొగ్గు శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఆ పాత బాయిల వైపు పైవాళ్లు కూడా ఇప్పుడు చూస్తున్నారు. చదును చేసేముందు ఒక చక్కని ఫోటో రికార్డు వాళ్ల టేబుల్ మీద ఉంటే, ఏది ఉంచాలి, ఏది పూడ్చాలి అన్న చర్చ అయినా జరుగుతుంది.

నిజంగా లోపలికే దిగాలని ఉంటే దానికి దారులున్నాయి. మహారాష్ట్రలో నాగ్‌పూర్ దగ్గర సావ్‌నేర్‌లో 2016 నుంచి గని పర్యటన ఉంది. మన దగ్గర ‘సింగరేణి దర్శన్’ పేరుతో ఆర్టీసీ టూర్ నడిపింది, ఇప్పుడు ఉందో లేదో కనుక్కుని వెళ్లండి. బయటి దేశాల్లో వేల్స్‌లోని బిగ్ పిట్ గని 1980లో మూతపడింది, 1983లో సందర్శకులకు తెరిచారు. తొంభై మీటర్ల లోతుకు దింపుతారు. తీసుకెళ్లేది ఒకప్పటి గని కార్మికులే. దిగేముందు ఫోన్లు, గడియారాలు, లైటర్లు అన్నీ పైనే తీసి పెట్టిస్తారు. ఇండోనేషియాలో డచ్చివాళ్లు తవ్విన ఒంబిలిన్ గని 2019లో యునెస్కో జాబితాలో చేరింది. సంకెళ్లు వేసిన ఖైదీలతో అక్కడ బొగ్గు తవ్వించారు. అక్కడ కూడా జనం నడిచేది పాత సొరంగంలో బాగుచేసిన కొంత భాగంలోనే. ఫ్యాను పెట్టి, గాలి కొలిచి, రూఫ్‌కు కొత్త ఆసరా ఇచ్చాక ఎవరైనా దిగొచ్చు. అవేవీ లేనిచోట, నలభై ఏళ్ల అనుభవం ఉన్న ఓవర్‌మన్ కూడా దిగడు.

చివరగా ఒక పని అప్పజెబుతున్నాను. మీ తిరుగుడులో ఎక్కడైనా గోడ లేని బాయి నోరు, కంచె లేని పిట్, కొత్తగా దిగబడిన గుంట కనిపిస్తే, దూరం నుంచే ఫోటో తీసి, లొకేషన్ నోట్ చేసి, ముందు దగ్గర్లోని గని ఆఫీసుకు, మండల ఆఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి. వాళ్లు కంచె వేసేదాకా ఆ లొకేషన్‌ను వీడియోలో పెట్టొద్దు. పశువులు మేపే పిల్లలు ఆ దారినే తిరుగుతుంటారు. మీ వీడియో చూసి ఇంకో ఊరినుంచి వచ్చే కుర్రాళ్లకు మీకు తెలిసినంత కూడా తెలియదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఓవర్‌మన్